తిప్పేస్వామి ముంగిసా, కంకరకుప్ప మీది తీతువూ

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, మెయిన్‌రోడ్డు నుంచి మట్టిబాట చీలిపోయే చోట ఒక పల్లె ఉంది. ఆ పల్లెకు రెండు ప్రత్యేకతలు. ఒకటి, అక్కడ బస్సు ఆగదు. రెండు, అక్కడ తిప్పేస్వామి ఉంటాడు. రెండోదాని వల్లే మొదటిదని గిట్టనివాళ్ళు అంటారు. బస్సు ఆగితే తిప్పేస్వామి ఎక్కుతాడు, ఎక్కితే నోరు తెరుస్తాడు, మదనపల్లె వచ్చేసరికి కండక్టరు టికెట్లు కొట్టడం మరిచిపోయి ఎవడి ఒళ్ళోనో కూర్చుని కథ వింటూ ఉంటాడు. ఆర్టీసీ వాళ్ళు నష్టపోయింది చాలనుకున్నారు.

తిప్పేస్వామి తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. ఆ మాట ఆయన ఒప్పుకోడు. "నేను మానేదేంది? అయివార్ల దగ్గర సరుకు అయిపోయింది. నన్ను ఊరికే కూసోబెట్టుకోలేక, పోయి రాప్పా అన్యారు" అంటాడు. అంతటి విద్యను వృథా చేయకూడదని ఒక టెంపో కొన్నాడు. చుట్టుపక్కల తోటల్లోని టమోటా క్రేట్లు నింపుకుని మదనపల్లె మార్కెట్‌యార్డుకు తోలుతాడు. ఒకసారి ఆయన బండిలో వేసుకున్న ఒకే ఒక్క టమోటా టోల్‌గేటు దగ్గర ఇరుక్కుపోయిందట. జేసీబీ తెచ్చి కోస్తే, కారిన రసానికి కింది చెరువు నిండి మరవ పోయిందట. మరి ఆ చెరువు ఏళ్ళ తరబడి ఎండిపోయి ఉంది కదా అని ఎవరైనా అడిగితే, "అందుకే గదా, నీళ్ళు కాదు, రసం అంటాండా" అంటాడు. ఆయనకు మనం చిక్కడమే గానీ, ఆయన మనకు చిక్కడు.

అయితే ఆయన పేరు నిలిచింది టమోటాతో కాదు, ముంగిసతో.

మట్టిబాట మెయిన్‌రోడ్డును కలిసే చోట ఒక పక్క పాత రాళ్ళ గోడ ఉంది. ఆ గోడ సందుల్లో ఒక ముంగిస కాపురం. ఒకనాడు టెంపో కదలబోతుంటే అది అడ్డంగా పరిగెత్తింది. ఆ రోజే యార్డులో టమోటా ధర ఎగిరి కూర్చుంది. పైరాష్ట్రంలో వానలకు తోటలు కొట్టుకుపోయి ధర పెరిగిందని పేపర్లు రాశాయి. పేపర్లకేం తెలుసు? తిప్పేస్వామి మాత్రం ఆ సాయంత్రమే ఒక కోడిగుడ్డు ఉడకబెట్టి గోడ దగ్గర పెట్టి వచ్చాడు.

ముంగిసకు గుడ్డు రుచి తెలిసింది, తిప్పేస్వామికి వ్యాపారం తెలిసింది. కొన్ని నెలల్లో, స్టీలు గిన్నె మీద గరిటెతో టింగుమని కొడితే చాలు, ముంగిస గోడలోంచి దూకి, బాటకు అడ్డంపడి, అవతలి పక్క బండరాయి మీద పెట్టిన గుడ్డు దగ్గరకు పోవడం మరిగింది. దానికి ఆయన పెట్టిన పేరు దొర. బోరు వేయించబోయేవాళ్ళు, కోర్టుకు పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకు బయల్దేరేవాళ్ళు, టెన్త్ పరీక్షకు పోయే పిల్లలు, అందరూ వచ్చి ఊరికి వీపు పెట్టి, మెయిన్‌రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడతారు. తిప్పేస్వామి బాట మొదట్లో వాళ్ళకు ఎదురుగా నిలబడి గిన్నె మోగిస్తాడు. దొర పరిగెత్తుతాడు.

"ఎడమ నుంచి కుడికి! లాభం! పోండి, పోండి, యెనక్కి తిరిగి సూడొద్దు!"

ఫీజు రెండు గుడ్లు. ఒకటి శకునానికి, ఒకటి శకునాన్ని పిలిచినోడికి. పని జరిగితే అది దొర మహిమ. జరగకపోతే, "నువ్వు యెనక్కి తిరిగి సూసింటావు" అంటాడు. నూరడుగుల నడకలో ఒక్కసారైనా వెనక్కి చూడని మనిషి ఉండడు కాబట్టి, ఆ శాస్త్రంలో తప్పు పట్టడానికి ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

ఈ శకునాల విద్య తిప్పేస్వామికి తల్లి బయ్యమ్మ పెట్టిన భిక్ష. ఎవరైనా తుమ్మితే ఆమె చెంబెడు నీళ్ళు తాగి కాసేపు కూర్చునే రకం. పడిశం పట్టిన ఇంట్లో అయితే ఆ రోజంతా కూర్చునే ఉంటుంది. ఆమె కుడికన్ను చాలా కాలం కిందట ఎవరో పిండిన ఆకుపసరుతో పోయింది. ఎడమకంటికి ఇప్పుడు శుక్లం. వెలుగు, నీడ తప్ప మరేమీ ఆనదు. అయినా అరుగు మీద కూర్చుని ఊరంతా ఆమే చూస్తుంది, చెవులతో. చెప్పుల చప్పుడును బట్టి వచ్చిందెవరో చెబుతుంది. ఆ చప్పుడు మెల్లగా ఉంటే కాఫీపొడి అడగడానికి వచ్చారని కూడా చెబుతుంది.

పుంగనూరులో కంటి శిబిరం పెట్టినప్పుడు కోడలు రేఖ ఆమెను పట్టుకుపోయింది. డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, "అవ్వా, ఇది బాగా ముదిరింది. కుప్పం ఆసుపత్రికి వెంటనే వచ్చేయండి. ఇంకా నాన్చితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ తర్వాత మేం ఏం చేసినా చూపు రాదు" అన్నాడు. ఉన్నది ఒక్క కన్ను. రేఖ ఆ మధ్యాహ్నమే బస్సెక్కుదామంది. ఆమె పుట్టిల్లు కుప్పం పక్కనే, రామకుప్పం దగ్గర. ఆసుపత్రికీ అండ, ఉండడానికీ అండ.

"మంచి శకునం సూసుకోని పోదాం మే" అంది బయ్యమ్మ.

తిప్పేస్వామి ఛాతీ టెంపో టైరంత ఉబ్బింది. ఊరందరికీ శకునం పంచేవాడు, కన్నతల్లికి పంచలేడా?

ఆ మర్నాడు పొద్దున్నే బయ్యమ్మను టెంపో ముందుసీట్లో కూర్చోబెట్టారు. రేఖ సంచితో పక్కన ఎక్కింది. తిప్పేస్వామి బాట మొదట్లోకి పోయి నిలబడి, రోజువారీ శకునం కాదు, స్పెషల్ శకునం కాబట్టి, గిన్నెను గుడిగంట మోగించినట్టు మోగించాడు. దొర దూకాడు, పరిగెత్తాడు.

"ఎడమ నుంచి కుడికి! సూసినావా మా?"

బయ్యమ్మ జవాబు చెప్పేలోపల, బండరాయి పక్కనుంచి ఒక గొంతు లేచింది. "టిట్టీ! టిట్టిట్టీ! టిట్టిట్టిట్టీ!" ఒక పిట్ట గాల్లోకి లేచి, టెంపో మీదుగా చుట్టి, బయ్యమ్మ నెత్తిమీద అరిచినంత అరిచి పోయింది.

తీతువు పిట్ట. అది ఇంటిమీద అరిస్తే ఆ ఇంట్లో చావని ఈ సీమలో పాలు తాగే బిడ్డకూ తెలుసు.

"దించండి నన్ను" అంది బయ్యమ్మ.

"మా! దొర పోయినాడు మా! నా కండ్లతో సూసినా!"

"నువ్వు సూసినావు. నేను ఇన్నా. కన్ను నీది, సెవి నాది. కుప్పానికి పొయ్యేది ఎవుర్రా, నువ్వా, నేనా?"

తిప్పేస్వామి టెంపో తలుపు తీసి తల్లిని దించాడు. మాటల్లో ఓడిపోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఆ పిట్ట అక్కడికెలా వచ్చిందో చెప్పాలి. రోడ్డు వెడల్పు చేస్తామని ఒక కాంట్రాక్టరు వచ్చి, బండరాయి పక్కన పెద్ద కంకరకుప్ప పోసి, ఫొటో తీయించుకుని, కనిపించకుండా పోయాడు. మనుషులకు పనికిరాని ఆ కుప్ప తీతువు జంటకు పనికొచ్చింది. కంకరలో చిన్న గుంత చేసి, కంకర రంగులోనే మచ్చల గుడ్లు పెట్టి, పొదుగుతూ కూర్చున్నాయి. చేత్తో తడిమితే తప్ప రాయేదో గుడ్డేదో తెలియదు. ప్రభుత్వ సొమ్ము ప్రజలకు ఉపయోగపడటం అంటే అదే.

ఆ మధ్యాహ్నం గురుమూర్తి టీ అంగట్లో పంచాయితీ కూర్చుంది. గురుమూర్తి టీ కంటే పంచాంగం బాగా కాస్తాడు. ముంగిస గొప్పదా, తీతువు గొప్పదా అన్నది వాదం.

"రెండూ ఒగే గడియలో వచ్చినాయంటే బరువు తూసుకోవల్ల" అన్నాడు గురుమూర్తి. "ముంగిస ఏమిస్తాది? లాభం. తీతువు ఏమిస్తాది? సావు. సచ్చినోనికి లాభమెందుకప్పా? కాబట్టి తీతువుదే గెలుపు."

"అట్లెట్ల గురుమూర్తన్నా?" తిప్పేస్వామి లేచాడు. "మా దొర పామును నమిలేటోడు. నాలుగు కాళ్ళు, నిండా బొచ్చు, తోక సూస్తే ఎమ్మెల్యే కండువా మాదిరి ఉంటాది. ఆ పిట్టకేముండాది? పుల్లల్లాంటి రెండు కాళ్ళు. అవీ పసుపు పచ్చ, పెండ్లికూతురి మాదిరి. నీళ్ళలో నడిసేదానికి దేవుడిచ్చిన కాళ్ళు పెట్టుకోని, కంకర మీద కాపురం చేస్తాంది. దానికే దిక్కు ల్యా, అది ఒగరికి శకునం సెప్తాదా?"

"చెరువులో నీళ్ళుంటే అది కంకర మీదికి యాల వస్తాదప్పా?" అన్నాడు గురుమూర్తి.

"రాత్రి యెల్లకిలా పండుకోని కాళ్ళు పైకెత్తుతాదంట. ఆకాశం పడిపోతాదని భయమంట" అన్నాడు తిప్పేస్వామి.

"పడిందా మరి?"

"పడలా."

"సూసినావా! ఎవురు ఆపుతాండారు మరి? నీ దొరా?"

అంగడి అంగడంతా నవ్వింది. తీతువు గెలిచింది. తిప్పేస్వామి టీ సగంలో వదిలి లేచాడు. వీధిలోకి వచ్చాక, తను ఆ మధ్యాహ్నమంతా ముంగిసను గెలిపించడానికి చూశాడేగానీ అమ్మ కన్ను సంగతే ఎత్తలేదని గుర్తొచ్చి, కాస్త సిగ్గుపడ్డాడు. ఎక్కువ కాదు.

రెండోసారి తెలివిగా చేశాడు. బాట వైపు పోకుండా, బయ్యమ్మను వెనక టమోటా తోటలోంచి నడిపించి, మెయిన్‌రోడ్డు మీద ఆటో ఎక్కించాలని ప్లాను. శకునం లేకుండా ఆమె కదలదు కాబట్టి గిన్నె వెంట తీసుకున్నాడు. తోట గట్టు మీద నిలబడి గిన్నె మోగించాడు. ఎక్కడున్నా గిన్నె వినపడితే దొర వస్తాడు. వచ్చాడు కూడా, అడ్డదారిన, సరిగ్గా కంకరకుప్ప మీదుగా. ఆడపిట్టా మగపిట్టా రెండూ లేచి, దొరను తోటంతా తరుముకుంటూ వచ్చి, బయ్యమ్మ నెత్తిమీద కచేరీ పెట్టాయి.

"ఈ తూరి రెండు పిట్టలు" అంది బయ్యమ్మ వెనక్కి తిరుగుతూ. "నన్నొగదాన్నే కాదు, నిన్నూ రమ్మంటాండాయేమో సూడు."

మూడోసారి తిప్పేస్వామి తన మేధస్సు మొత్తం బయటికి తీశాడు. తల్లికి చెడ్డశకునం వినిపిస్తోంది, మంచిశకునం వినిపించడం లేదు. అంటే లోపం దొరలో లేదు, సౌండులో ఉంది. కాబట్టి ముంగిసకు గజ్జె కట్టాలి. గుడ్డు తింటున్న దొర మెడకు దారం వేయబోతే, దొర ఆయన బొటనవేలును కూడా గుడ్డే అనుకున్నాడు. ముంగిసతో జరిగిన ఆ యుద్ధాన్ని తిప్పేస్వామి ఇప్పుడు చెబితే చిరుతపులి అవుతుంది, వేలికి పడిన కుట్లు వంద దాటుతాయి. మొత్తానికి గజ్జె కట్టాడు.

కట్టి ఏం లాభం? గోడలో గజ్జె ఘల్లుమనగానే, దొర ఇంకా బయటికి రాకముందే, కుప్ప మీద పిట్ట మొదలెట్టింది. ఇదివరకు శకునాలు రెండూ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు చావు ముందొచ్చి, లాభం తర్వాత వచ్చింది. దొర ఆ సాయంత్రానికే గజ్జెను రాళ్ళకు రాసి తెంపి పారేశాడు.

ఆ రాత్రి బయ్యమ్మ అన్నం తినలేదు. కణత పట్టుకుని, "కన్ను సలుపుతాంది మే" అంది. మర్నాడు మజ్జిగ గ్లాసులో పోయబోయి, గ్లాసు పక్కన పోసింది. అరుగు మీద మజ్జిగ పారుతుంటే, గ్లాసు నిండిందనుకుని ఎత్తి నోట్లో పెట్టుకుంది. అది ఖాళీ అని తెలిశాక కూడా, ఎవరైనా చూస్తున్నారేమోనని, రెండు గుటకలు మింగినట్టు చేసి దించింది. తిప్పేస్వామి గడపలో నిలబడి చూశాడు. చప్పుడు చేస్తే తనున్నట్టు తెలుస్తుందని కాలు కదపలేదు.

రేఖ మాత్రం చప్పుడు చేసింది. ఆమెకు మొగుడి శాస్త్రం మీద కాపురానికొచ్చిన నాటినుంచీ పెద్ద గౌరవం.

"మా పక్క ఏనుగులొస్తాయి. రాగిచేన్లో ఏనుగుంటే శకునం సూసుకునేదానికి టైముండదు, ఉరికేదే. ఈడ మీకు ఏనుగులు లేక, ఇంత ముంగిసనీ ఇంత పిట్టనీ పెట్టుకోని ఆడుకుంటాండారు. ఇంగ నాలుగు దినాలు పోతే ఆయమ్మకు నీ దొరా కనబడడు, నువ్వూ కనబడవు. కనబడకపోతే ఆయమ్మకు వచ్చిన నష్టమేమీ లేదనుకో."

"రేపే పంపిస్తా సూడు" అన్నాడు తిప్పేస్వామి.

పంపే ఉపాయం ఆయనకు అప్పుడే తట్టింది. పిట్ట అరవకూడదంటే పిట్ట అక్కడ ఉండకూడదు. ఉండకూడదంటే గుడ్లు ఉండకూడదు. గుడ్లంటే దొరకు ప్రాణం. ఇంత సులువైన లెక్క ఇన్నాళ్ళు తట్టనందుకు తనను తనే తిట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే, మంచు ఇంకా విడవకముందే, రేఖ నీళ్ళకు పోయిన సమయం చూసి, ఉడికిన గుడ్డు ముక్కలు ముక్కలుగా చేసి, గోడ నుంచి కంకరకుప్ప పైదాకా వరుసగా వేశాడు. గిన్నె మెల్లగా, ఒకే ఒక్కసారి మోగించాడు. దొర ముక్క ముక్కా ఏరుకుంటూ కుప్ప ఎక్కాడు.

పిట్టలు రెండూ లేచాయి. ఇంతవరకు విన్న అరుపు కాదది. రెక్కలు ముంగిస వీపుకు తగిలేలా దూకుతున్నాయి, లేస్తున్నాయి, మళ్ళీ దూకుతున్నాయి. ఆడపిట్ట నేలమీద పడి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, రా నన్ను తిను అన్నట్టు దొర ముందు పొర్లింది. దొర ఒక క్షణం ఆగి, దాన్ని చూసి, మళ్ళీ గుడ్ల వైపే తిరిగాడు. మన తిప్పేస్వామి శిష్యుడు, అంత తేలిగ్గా మోసపోడు.

అప్పుడు వెనకనుంచి కర్ర చప్పుడు వినిపించింది. బయ్యమ్మ. ఏడాదికి పైగా ఎవరి చేయీ పట్టుకోకుండా వాకిలి దాటని మనిషి, రవిక మీద కొంగు కూడా సరిగా లేకుండా, ఆ అరుపునే పట్టుకుని బాటవెంట వస్తోంది. ఒకచోట తూలింది, నిలబడింది, మళ్ళీ వచ్చింది. వస్తూనే కర్ర గిరగిరా తిప్పి ఒక్కటి వేసింది. అది తిప్పేస్వామి మోకాటి చిప్పకు తగిలింది. ముంగిస అనుకుని కొట్టిందో, కొడుకని తెలిసే కొట్టిందో ఆమె ఈనాటికీ చెప్పలేదు. తిప్పేస్వామి పెట్టిన కేకకు దొర గోడలోకి దూకాడు.

బయ్యమ్మ కుప్ప పక్కన కూలబడి కంకరను తడమసాగింది. పిట్టలు ఆమె జుట్టుకు తగిలేంత కిందికి వచ్చి అరుస్తున్నాయి. ఆమె తల కూడా వంచలేదు. రాళ్ళు మంచుకు చల్లగా ఉన్నాయి. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"ఎచ్చగా ఉండాయి" అంది. వేళ్ళు మెల్లగా వెనక్కి తీసుకుంది. "యాలరా ఈ పని చేస్తివి?"

"నీ కోసమే మా. అది అరిస్తే నువ్వు పోవు గదా."

"నీ గిన్నె మోగుతాది, ఆ యెనకాలే పిట్ట అరుస్తాది. ఇంటాండా గదా దినమూ. గిన్నె మోగని పొద్దు అది నోరే తెరిసింది ల్యా. ఇన్నాళ్ళూ అది తిట్టింది నన్ను కాదురా. నీ దొంగనాయాల్ని."

"అయినా అది సావుపిట్ట గదా మా..."

"నువ్వు పుట్టినకాణ్ణుంచీ నేనూ ఇదే గొంతుతో నీ మీద అరస్తాండా. సచ్చినావా నువ్వు?"

తిప్పేస్వామి మోకాలు రుద్దుకుంటూ ఆలోచించాడు. సాక్ష్యం బలంగానే ఉంది.

"రేఖా!" బయ్యమ్మ అక్కడినుంచే ఊరు దద్దరిల్లేలా పిలిచింది. "సంచి ఎత్తుకో మే! పలమనేరు బస్సుకు పోతాండాం!" తర్వాత కర్ర కొన కొడుకు ఛాతీకి ఆనించింది. "నువ్వు రావద్దు. నీ దొరకు ఈ గుడ్ల దారి సూపించినావు గదా, వాడు ఇంగ ఊరుకోడు. ఈడే కూసో. నేనొచ్చేదాకా ఒగ గుడ్డు తక్కువైనా, తిరిగొచ్చిన కన్నుతో నిన్ను సూడను."

అత్తాకోడళ్ళు పుంగనూరుకు ఆటో ఎక్కారు. శకునం ఎవరూ చూసుకోలేదు.

ఇక తిప్పేస్వామి ఆ రోజు మొదలు, తల్లి వచ్చేదాకా, చేతిలో గొడుగు, ఒళ్ళో గుప్పెడు రాళ్ళు పెట్టుకుని కంకరకుప్ప పక్కన కూర్చున్నాడు. దొర గోడలోంచి తల బయటపెట్టినప్పుడల్లా గొడుగు ఊపేవాడు. చావుపిట్ట గుడ్లను శకునం ముంగిస నుంచి శకునాల తిప్పేస్వామి కాపలా కాస్తున్నాడన్న వార్త పుంగనూరుదాకా పాకింది. చూడడానికి జనం వచ్చారు. పిట్టలకు మాత్రం కాపలావాడికీ దొంగకూ తేడా తెలియలేదు. ఆయన దగ్గినా, గొడుగు మార్చుకున్నా, బీడీ వెలిగించినా నెత్తిమీదికి వచ్చి అరిచేవి.

గురుమూర్తి టీ తెచ్చాడు. "ఏమప్పా, గుడ్లు పొదుగుతాండావా?"

"తపస్సు చేస్తాండా. ఈ పిట్ట గొంతులో ఉండే సావును లాగేస్తాండా. ఇంగ కొంచెమే మిగిలింది."

"లాగింది యాడ పెడతాండావు?"

"నీ టీలో."

నవ్వులాట అయిపోయి జనం పోయాక మాత్రం తిప్పేస్వామి ఫోను తీసి మాటిమాటికీ చూసుకునేవాడు. రెండోనాడు పొద్దున రేఖ ఫోను చేసి, "లోపలికి తీసుకపోయినారు. ముదిరింది గదా, శానా సేపు పడతాదంట. వస్తాదో రాదో తెరిసినాకే సెప్తారంట" అని పెట్టేసింది. సరిగ్గా అప్పుడే పిట్ట లేచి నెత్తిమీద మొదలెట్టింది. టిట్టీ, టిట్టిట్టీ. ఆయన పుట్టినప్పటినుంచి ఆ అరుపుకు ఒకటే అర్థం. లేచి పారిపోవాలనిపించింది. రాయి తీసుకుని దాని గొంతు మూయించాలనిపించింది. రాయి తీశాడు కూడా. కుప్పం ఆసుపత్రిలో బల్లమీద అమ్మ, ఇక్కడ నెత్తిమీద ఇది. తిడుతోంది నిన్నే, అమ్మను కాదు, నిన్నే అని తనకు తనే పదేపదే చెప్పుకున్నాడు. "తిట్టు, ఇంగా తిట్టు" అన్నాడు పైకి చూసి. రాయి ఒళ్ళోనే ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి తన కథను తనే నమ్మడానికి ప్రయత్నించాడు. అది ఎంత కష్టమో తెలిసింది. వినేవాళ్ళ మీద ఆయనకు ఎన్నడూ లేని జాలి కలిగింది.

మళ్ళీ ఫోను మోగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"రేపు కట్టు తీస్తారంట. డాక్టరు బాగానే జరిగిందన్యాడు" అంది రేఖ. ఆగి, "ఇంగొక వారం ఆగింటే ఏమీ చేసేదానికి ఉండదంట. నీ దొరకు సెప్పు" అంది.

బయ్యమ్మ రామకుప్పంలో వియ్యపురాలింట కొన్నాళ్ళు ఉండి, నల్లద్దాలతో తిరిగొచ్చింది. ఆటో దిగగానే కొడుకును తలపైనుంచి కాళ్ళదాకా చూసింది. చూపు మళ్ళీ తలమీదికే పోయి ఆగింది.

"నేను కడసారి సూసినప్పుడు నీ నెత్తిన ఎండ్రుకలు ఉణ్ణె. యాడికి పోయినాయిరా?"

"పిట్ట పీకింది మా" అన్నాడు తిప్పేస్వామి.

కంకరకుప్ప మీద గుడ్లు లేవు. వాటి బదులు, దూదిపింజలకు పుల్లలు గుచ్చినట్టున్న పిల్లలు కంకర మధ్య గునగునా పరిగెత్తుతున్నాయి. తల్లిపిట్ట లేచి బయ్యమ్మ మీద అరిచింది. ఆమె నల్లద్దాలు కాస్త పైకెత్తి చూసింది. నల్లటి తల, కంటి ముందు ఎర్రటి తోలు, పసుపురాసిన కాళ్ళు. "ఇంత సక్కని దాన్నా మే మనం తిట్టుకున్నింది?" అంది రేఖతో.

మర్నాడు గురుమూర్తి రెండు గుడ్లతో వచ్చాడు. మదనపల్లెలో అంగడికి సరుకు తెచ్చే పని. తీతువే గొప్పదని గెలిపించింది తనే అయినా, ముంగిసను కాదనుకునేంత ధైర్యం ఆయనకు లేదు. బయ్యమ్మ ఆయన వెనకనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఊరందరూ చెప్పిన ఆ దొరను ఆమె ఇంతవరకు చూడలేదు. తిప్పేస్వామి బాట మొదట్లో ఎదురుగా నిలబడి, తల్లి చూస్తోందని మరింత హుషారుగా గిన్నె మోగించాడు. దొర గోడలోంచి దూకాడు, బాట దాటాడు. పిట్ట లేచి అరిచింది.

"ఎడమ నుంచి కుడికి! లాభం!"

"ఇదేనా? పందికొక్కు మాదిరి ఉండాది" అంది బయ్యమ్మ. తర్వాత తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంది. అన్నం తినే చేయి ఏదో, మరోటి ఏదో తేల్చుకుంది. "ఒరే, ఇది కుడినుంచి ఎడమకు పాయె గదరా?"

గురుమూర్తి తన చేతులు చూసుకున్నాడు. బాటను చూశాడు. ఎదురుగా నిలబడ్డ తిప్పేస్వామిని చూశాడు. ఎదురుగా నిలబడ్డవాడికి ఎడమ, బయల్దేరేవాడికి కుడి. రెండేళ్ళుగా ఊరు ఊరంతా తప్పు శకునంతో కోర్టులకూ పెళ్ళిచూపులకూ యార్డుకూ పోయి వచ్చిందన్న సంగతి ఆయన ముఖంలోకి మెల్లమెల్లగా ఎక్కింది.

"నా బోరు!" అన్నాడు. "అందుకేనా నీళ్ళు పడక దుమ్ము లేసింది?"

తిప్పేస్వామి రెప్ప కూడా కొట్టలేదు. "దేవుడు మనకు ఎదురుగా నిలబడి సూస్తాడు గదన్నా. ఆయనకు ఎడమ నుంచి కుడికే."

"లాభం రావాల్సింది దేవునికా, నాకా?"

గురుమూర్తి గుడ్లు తిరిగి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. బయ్యమ్మ నల్లద్దాలు సర్దుకుని, నవ్వు ఆపుకోలేక, అదంతా కంటికి మంచిది కాదని రేఖ కసిరేదాకా నవ్వుతూనే ఉంది.

ముంగిసకు కొత్త దారి నేర్పడం తిప్పేస్వామి వల్ల కాలేదు. బొటనవేలు ఇంకా మానలేదు. కాబట్టి శాస్త్రాన్నే సవరించాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళను వెనక్కి తిరిగి, ఊరివైపు ముఖం పెట్టి నిలబడమంటున్నాడు. అప్పుడు ఎడమ ఎడమే, కుడి కుడే. దొర వాళ్ళ వీపు వెనక ఎడమ నుంచి కుడికి నిక్షేపంగా పోతున్నాడు. కాకపోతే ఎవరికీ కనిపించడు. వినిపించేది పిట్ట ఒక్కటే.